పాట ఆగే చోట నా పేరు

హైదరాబాదులో నాలుగు రోజులుండి చార్మినార్ చూడకుండా తిరిగొచ్చానంటే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. గోల్కొండ చూడలేదు. ముత్యాలు కొనలేదు. బిర్యానీ ఒక్కపూట తిన్నాను, అది కూడా హాస్టల్ పిల్లలు తెప్పిస్తే. "మరి అన్ని రోజులు ఏం చేశావమ్మా?" అని మా పక్కింటి కామేశ్వరి నిలదీసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను, ఎల్బీనగర్ వెళ్లాను, బాటసింగారం వెళ్లి మళ్లీ ఎల్బీనగర్ వచ్చాను. నా యాత్ర మొత్తం అంతే. కానీ చార్మినార్ చూసొచ్చిన వాళ్లలో ఎంతమంది తమ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తామే చూసుకుని, దాని కిందే నిలబడి టీ తాగి వచ్చారో చెప్పమనండి.

బయలుదేరే ముందు

మా కాలేజీలో వనజాక్షి అని ఒకమ్మాయి ఉండేది. బాగా పొడుగు. క్లాసు గుమ్మం తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చేది. కొత్త లెక్చరర్లు అది నమస్కారం అనుకుని సంతోషపడేవారు. వాళ్ల నాన్నది నల్గొండ వైపు. ధవళేశ్వరం బ్యారేజీ ఆఫీసుకు బదిలీ మీద వస్తే, ఈ పిల్ల మా రాజమండ్రి ఆడపిల్లల కాలేజీలో చేరింది. మొదట్లో ఆమె "ఏంది", "ఎట్ల" అంటుంటే మేమంతా నవ్వేవాళ్లం. బాస్కెట్‌బాల్ ఆడటం చూశాక నవ్వడం మానేసి, మేమే "ఏంది వనజా" అనడం మొదలుపెట్టాం. సాయంత్రం ఆమె కోర్టులో దిగితే రిక్షావాళ్లు బేరాలు వదులుకుని గోడెక్కి కూర్చునేవారు. పేపర్లో ఆమె బొమ్మ పడితే మా మెస్ వంటావిడ కత్తిరించి కందిపప్పు డబ్బాకి అంటించింది.

ఆ జట్టులో నేనూ ఉన్నాను. ఎందుకున్నానని అడక్కండి. జట్టుకి ఐదుగురు కావాలి, నేను ఐదోదాన్ని.

మా ఆఖరి ఏడాది ఫైనల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆట ముగియడానికి కొద్ది సెకన్లే ఉన్నాయి. వనజను ముగ్గురు చుట్టుముట్టారు. రింగు కింద నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను కాపలా కాయాల్సిన అవసరం ఉందని అవతలి జట్టుకి తోచనే లేదు. వనజ బంతి నాకు విసిరింది. నేను కళ్లు మూసుకున్నాను. బంతి వచ్చి పొట్టకు తగిలితే దాన్ని రెండు చేతులా కావలించుకుని అలాగే నిలబడిపోయాను. రెఫరీ ఈల వేశాక కళ్లు తెరిచాను.

అందరూ అరుస్తుంటే వనజ నేరుగా కోచ్ దగ్గరికి వెళ్లి, "పాస్ నేనే లేటుగ ఇచ్చిన సార్" అంది. పేపర్లోనూ అదే వచ్చింది. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసేవాళ్లు ఆ రోజు వచ్చి ఉన్నారు. అవసరానికి తడబడే పిల్ల అని రాసుకుని పోయారట. ఆ ఏడు జాబితాలో ఆమె పేరు లేదు. నేను నోరు విప్పలేదు. తర్వాత ముప్పైమూడేళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. నిజం దాచకూడదని ప్రతి ఏడూ పిల్లలకు బోధించాను. నా నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా.

వనజ క్రీడాకారుల కోటాలో రైల్వే గుమస్తాగా చేరి సికింద్రాబాద్ వెళ్లింది. అక్కడ రైల్వే వాళ్ల క్లబ్బులో రిటైరైన ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన శాక్సోఫోన్ వాయిస్తుంటే విని, నేర్పేదాకా కదలనని ఆయన వాకిట్లో కూర్చుందట. అలా జాజ్ సంగీతంలో పడింది. పెద్ద హోటళ్లలో వాయించింది. నాకో క్యాసెట్ కూడా పంపింది. ఇంట్లో పెడితే మావారు పరుగున వచ్చి, "టేపు చుట్టుకుపోతోంది, ఆపు ఆపు" అన్నారు.

కిందటేడు వినాయకచవితి ముందు వనజ పోయింది. ఈ ఏడు యాదగిరి అనే ఆయన ఫోన్ చేశాడు. ఎల్బీనగర్‌లో పెళ్లి బ్యాండు మాస్టర్. "మేడం సంవత్సరీకం చేస్తున్నమమ్మా. మీ నంబర్ ఆమె డైరీల దొరికింది. మీరు తప్పక రావాలె, నాలుగు ముక్కలు మాట్లాడాలె. కాలేజీ ఫోటో ఏమన్న ఉంటే జర పంపుండ్రి."

నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఆ ఫైనల్ ఓడిపోయిన అరగంటకి స్టూడియో ఆయన వచ్చి తీసిన జట్టు ఫోటో. వనజ పొడుగు ఆయన అంచనాకి అందలేదు, ఆమె ముఖం నోటి దాకానే పడింది. ముందు వరసలో మధ్యన నేను, నా చేతుల్లో బంతి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది ఆ ఫోటో. నేను దాన్ని ఎప్పుడూ తేరిపార చూడను, చూస్తే ముందు ఆ బంతే కనిపిస్తుంది. అదే పంపించాను. ఉపన్యాసం పదకొండు పేజీలు రాసుకున్నాను. నిజం పదో పేజీలో పెట్టాను. అక్కడి దాకా వినేవాళ్లు ఎవరూ ఉండరన్న ఆశ కూడా మనసులో ఒక మూల ఉంది, దాచడమెందుకు.

చైతన్యపురి: నాలుగో మంచం

తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాను. మా గోదావరి గట్టు మీద ఆ వేళకి నడకకి వచ్చే పెద్దవాళ్లు ఉంటారు. ఇక్కడ వీపున సంచులతో, చేతిలో ఇడ్లీ పొట్లాలతో పిల్లలే పిల్లలు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద నవ్వుతున్న ర్యాంకులవాళ్లు, వాటి కింద నవ్వని పిల్లలు. నాకు చైతన్యపురిలో లేడీస్ హాస్టల్లో నాలుగో మంచం ఇప్పించాడు యాదగిరి. మిగిలిన మూడు మంచాల మీద ముగ్గురమ్మాయిలు పోటీ పరీక్షలకు చదువుతున్నారు. నన్ను చూసి సర్దుకుని కూర్చుని, అందులో ఒకమ్మాయి మర్యాదగా, "ఆంటీ, మీరే ఎగ్జామ్‌కి ప్రిపేరవుతున్నరు?" అని అడిగింది. నిజానికి ఆ ప్రశ్న తప్పేమీ కాదు.

హాస్టల్ యజమాని రాజ్యలక్ష్మి గారు గుడివాడ మనిషి. ముప్పై ఏళ్ల కింద వచ్చినా భాష మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్నదే. నాది రాజమండ్రి అనగానే నన్ను వదినగారిని చేసేసుకుంది. వనజ ఇరవై ఏళ్లు ఆవిడ మేడ మీద గదిలోనే కిరాయికి ఉందని టిఫిన్ పెడుతూ చెప్పింది. నలభై రూపాయల టిఫిన్‌లో నాలుగు ఇడ్లీలు, రెండు చట్నీలు. సాంబారు మాత్రం బెల్లం లేకుండా కారంగా ఉంది, నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆవిడ అది వనజ కోసం అనుకుని నా వీపు నిమిరింది. నేను కాదనలేదు.

"మనిషి బంగారమేనండీ. ఆ బూరాతోనే వచ్చింది గొడవంతా," అంది. "అదేం సంగీతమండీ, ఎక్కడ మొదలెట్టారో తెలీదు, ఎప్పుడయిపోతుందో తెలీదు. పిల్లలేమో చదువుకోవాలి. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వద్దన్నాను. రెండు నుంచి రాత్రి పది దాకా వద్దన్నాను. రాత్రి పది తర్వాతా, పొద్దున తొమ్మిదికి ముందూ ఎలాగూ నిద్రపోయే పిల్లలుంటారు కదా."

"మరి ఇంకేం మిగిలిందండీ?"

"ఒంటిగంట నుంచి రెండు. అప్పుడు భోజనాలు," అంది రాజ్యలక్ష్మి గారు కొంచెం సిగ్గుపడుతూ. "అందుకని కొత్తపేట పండ్ల మార్కెట్‌కి పోయి వాయించుకునేది. మార్కెట్‌ని బాటసింగారం తరలిస్తే బస్సెక్కి అక్కడికీ పోయింది. ఇప్పుడు మేడ మీద చప్పుడు లేదు. పిల్లలు బాగానే చదువుతున్నారు. నాకే తోచట్లేదు వదినగారూ."

ఎల్బీనగర్: నా శ్రద్ధాంజలి

రెండో రోజు మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లాను. బడిలో జాగ్రఫీ చెప్పిన నేను ఆ చౌరస్తాలో నాలుగు దిక్కులూ మరిచిపోయాను. పైన ఫ్లైఓవర్లు, వాటి పైన మెట్రో. కింద నల్గొండ వైపు బస్సులు, విజయవాడ బస్సులు, వాటి మధ్య ట్రాక్టర్ల మీద వెళ్తున్న వినాయకులు. ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు. వేలంలో లక్షలు పలికే లడ్డూ ఉన్న బాలాపూర్ మండపం మొదలు బస్తీ మండపం దాకా ప్రతి వినాయకుడికీ ఒక ఫ్లెక్సీ, దాని నిండా పండగ చేసేవాళ్ల ముఖాలు, ఓ మూల చిన్నగా వినాయకుడు. మా ఊళ్లోనూ ఫ్లెక్సీలుంటాయి గాని మేం దేవుడికి కాస్త ఎక్కువ చోటు వదులుతాం.

వాటి మధ్యలో నన్ను నేను చూసుకున్నాను.

పంతొమ్మిదేళ్ల నేను. రెండు జడలు, చేతుల్లో బంతి, మెడలో కంప్యూటర్ వేసిన బంతిపూల దండ, పక్కన కంప్యూటర్ వెలిగించిన దీపం. కింద ఎర్రటి అక్షరాల్లో "బాస్కెట్‌బాల్ తార, శాక్సోఫోన్ రాణి వనజాక్షి గారికి అశ్రునివాళి." నా తలపైన ఎవరిదో మెడ, గడ్డం, నోరు. అక్కడితో ఫ్లెక్సీ అయిపోయింది.

పక్కన టీ బండి దగ్గరికి వెళ్లి టీ అడిగాను. టీ పోసే ఆయన ఫ్లెక్సీ వైపు చూసి, "మంచిగుండెనట పాపం. మీకేమైతది?" అన్నాడు.

"అది నేనే," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు, టీ గ్లాసు బండి మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. పదిహేను రూపాయలు ఇస్తే తీసుకోలేదు.

యాదగిరి బ్యాండు గది ఆ సందులోనే ఉంది. అరవైకి దగ్గరపడిన మనిషి, ఎర్ర కోటు, బంగారు రంగు గుండీలు, ఆ కోటుకి సరిపడని బక్క ఒళ్లు. నన్ను చూడగానే తల పట్టుకున్నాడు. "పరేషాన్ చేసిండమ్మా ఆ ఫ్లెక్సీ పోరగాడు. పండుగ గిరాకీల ఉండి నేను చూసుకోలే. పొద్దుగాల కట్టినంక చూస్తే మేడం లేదు."

ఇద్దరం కలిసి ఫ్లెక్సీ షాపుకి వెళ్లాం. కంప్యూటర్ ముందున్న కుర్రాడు తన తప్పేమీ లేదన్నాడు. "స్టార్ ఫోటో అన్నరు. ఎనకున్నామెకు ముఖమే లేదు. బంతి ఎవరి చేతుల ఉంటే వాళ్లే గదా స్టార్?" మార్చి మళ్లీ కొట్టమంటే, నిమజ్జనం అయ్యేదాకా దేవుడికి తప్ప మనుషులకి ఫ్లెక్సీ కొట్టడం కుదరదన్నాడు. నలభై ఏళ్లు దాచిన తప్పుకి శిక్ష ఎలా ఉంటుందో అని చాలాసార్లు అనుకున్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో పది అడుగుల ఎత్తున బంతి పట్టుకుని నిలబడటం అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తిరిగొచ్చాక యాదగిరి తన వాళ్లందరికీ నన్ను పరిచయం చేశాడు. "ఈమె సుభద్రమ్మ." అంతే, గదిలో పదకొండు మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద డోలు వాయించే ఆయన, "గీమెనా సుభద్ర?" అని లేచి నిలబడ్డాడు.

సంగతేమిటంటే, వనజ ఈ బ్యాండుకి పదేళ్లు జాజ్ నేర్పింది. చివరికి తను కట్టిన పాట ఒకటి ఇచ్చింది. ఆ పాటలో ఒక చోట అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. ఎనిమిది లెక్కలు ఎవరూ ఏమీ వాయించకూడదు. పాట రాసిచ్చిన కాగితంలో ఆ చోట ఆమె స్వరాల గీతలూ చుక్కలూ పెట్టలేదు, "సుభద్ర" అని రాసింది. అప్పటి నుంచి ఆ బ్యాండులో ఏ పాటలోనైనా ఆగాల్సి వస్తే "సుభద్ర" అంటారట. "గీడ ఒక సుభద్ర, గాడ రెండు సుభద్రలు," అని చూపించాడు యాదగిరి. నన్నెరిగిన వాళ్లెవరైనా ఇది వింటే కిందపడి నవ్వుతారు. మా స్టాఫ్‌రూమ్‌లో నేను నోరు మూసిన దాఖలా లేదు.

"మరి ఊరేగింపులో ఆగిపోతే ఎట్లా?" అన్నాను.

"ఆగుతమమ్మా. డ్యాన్స్ చేసెటోళ్లు చేతులు లేపి అట్లనే నిలబడ్తరు. గుర్రం గూడ నేర్చుకున్నది, ఆగుతది. పెండ్లికొడుకు ఒక్కడే పరేషాన్ అయితడు."

ఒకసారి వాయించి వినిపించారు. మొదట తెలిసిన పాటలాగే ఉంది. తర్వాత క్లారినెట్ ఒకవైపు, ట్రంపెట్ ఒకవైపు పోయాయి. ఏమిటిదని అడిగితే యాదగిరి, "పాటను ఇంట్ల విడిచిపెట్టి బజారుకు పోవాలె, ఎవని తొవ్వ వాడు. కని అందరు ఒక్క టైముకు ఇల్లు చేరాలె. చేరినంక మళ్ల మొదలు. ఎన్నిసార్లన్న తిరగొచ్చు, తిరిగినప్పుడల్ల ఆ జాగ మళ్ల వస్తది," అన్నాడు. నేను ఉత్సాహం కొద్దీ చప్పట్లు కొట్టాను. రెండు నిమిషాలకి డోలాయన చేతులు జోడించి, "అమ్మా, మీరు కొట్టేది భజన. మా దెబ్బ దాని పక్కకు పడతది. మీ చప్పట్లకు నా లెక్క తప్పుతున్నది," అన్నాడు. నోరే కాదు, చేతులు కూడా మూసుకున్నాను.

ఆగే చోటికి నా పేరు ఎందుకు పెట్టిందో మేడం చెప్పిందా అని బయటికొస్తూ అడిగాను. చెప్పలేదన్నాడు. నలభై ఏళ్లు కడుపులో పెట్టుకుని ఆఖరికి కాగితం మీద నన్ను ఎత్తిపొడిచిందనే అనుకున్నాను. బంతి చేతిలో పెట్టినా కదలకుండా ఆగిపోయిన మనిషి పేరు అంతకంటే ఎక్కడ పెడతారు?

బాటసింగారం: బత్తాయి

వనజ పండ్ల మార్కెట్‌లో ఎక్కడ కూర్చుని వాయించేదో చూడాలనిపించి మూడో రోజు పొద్దున్నే బస్సెక్కాను. హయత్‌నగర్ దాటాక రోడ్డు పక్క లారీలు వరస కడతాయి, పండు వాసన బస్సులోకే వస్తుంది. అది బత్తాయి కాలం. నల్గొండ తోటల నుంచి వచ్చిన కాయ గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. మా వైపు బత్తాయిని జబ్బు చేసినవాళ్లకి రసం తీసి ఇస్తాం. ఇక్కడ తొక్క ఒలిచి ఉప్పుకారం అద్దుకుని తింటున్నారు. నేనూ తిన్నాను, రెండోది అడిగి తిన్నాను.

కాయలు ఏరే మల్లమ్మను కలవమని యాదగిరి చెప్పాడు. నకిరేకల్ దగ్గర మనిషి, వయసు నాకంటే పదేళ్లు చిన్న, గొంతు నాకంటే పెద్ద. వేలం అయిపోయి హమాలీలు నడుం వాల్చే వేళకి వనజ వచ్చి ఒక ఖాళీ డబ్బా మీద కూర్చునేదని ఆ డబ్బా చూపించింది. "మొదట్ల లారీ హారన్ ఖరాబైందనుకున్నం. ఇగ అలవాటైంది. ఆమె ఊదకుంటే నిద్ర పట్టకపోయేది." రాజ్యలక్ష్మి గారి హాస్టల్లో చదువు చెడగొట్టిన పాట ఇక్కడ జోల పాట అయిందన్నమాట.

ఎండాకాలం పుచ్చకాయల లారీలొస్తే వనజ కూడా వరసలో నిలబడేదట. లారీ మీద నుంచి కాయను ఒకరు విసిరితే కిందివాళ్లు పట్టుకుని పక్కవాళ్లకి విసరాలి. "ఆమె నేర్పినంక ఒక్క కాయ పగల్లే. చెయ్యి జూడకు, ఇచ్చెటోళ్ల కండ్లు జూడు అనేది," అంటూనే మల్లమ్మ ఒక బత్తాయి నా మీదికి విసిరింది. "పట్టుకోక్కా!"

నేను కళ్లు మూసుకున్నాను. కాయ భుజానికి తగిలి కింద పడింది.

కళ్లు తెరిచేసరికి మల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపే చూస్తోంది. "నువ్వు సుభద్రవు గదా?"

నా పేరు నేను చెప్పలేదు. ఎలా తెలిసిందని అడిగితే, "కండ్లు మూసుకున్నవు గదా," అంది. కొత్తగా పనిలో చేరి కాయకి భయపడి కళ్లు మూసుకున్న వాళ్లందరికీ వనజ నా కథ చెప్పేదట. పాస్ ఇచ్చిన సంగతీ, నేను కావలించుకున్న సంగతీ అంతా. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదనుకున్న రహస్యం బాటసింగారం హమాలీలకి పాఠంగా నడుస్తోంది.

"కోపంగా చెప్పేదా?" అని అడిగాను.

"కోపమెందుకు? నవ్వి నవ్వి చెప్పేది. పాస్ నేను జోరుగ ఇడిసిన, ముక్కు పగుల్తదని భయపడ్డది, సగం తప్పు నాదే అనేది." మల్లమ్మ కింద పడిన కాయ తీసి కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వు ఒక్కసారన్న వచ్చి ఆ సంగతి తీస్తవేమోనని చూసిందక్కా. రాలే నువ్వు. గదొక్కటే అనేది."

గుట్టల పక్కన కూర్చుని ఏడ్చాను. నలభై ఏళ్లలో ఏడాదికో గ్రీటింగు కార్డు పంపాను, "కుశలం, కుశలమని తలుస్తాను" అని. బస్సులో ఒక్క రాత్రి ప్రయాణం. రావచ్చు, రాలేదు. మల్లమ్మ నన్ను ఏడవనిచ్చి, తర్వాత ఇరవై కాయలు విసిరి పట్టడం నేర్పింది. ఇరవైలో ఏడు పట్టాను. ఆ ఏడింటికీ కళ్లు తెరిచే ఉన్నాయి.

సర్కారు బడి గ్రౌండు

ఆదివారం పొద్దున ఎల్బీనగర్‌లో ఒక సర్కారు బడి గ్రౌండులో సంవత్సరీకం. వనజ సెలవు రోజుల్లో అక్కడి పిల్లలకి ఆట నేర్పేదట. రింగు ఉంది గాని దానికి వల లేదు. చౌరస్తాలోని ఫ్లెక్సీ విప్పుకొచ్చి రింగు స్తంభాలకే కట్టారు. యాదగిరి తన ఫోన్లో ఉన్న వనజ ఫోటో ఒకటి కాగితం మీద తీయించి ఫ్లెక్సీ అంచున అంటించాడు. అది అరచేయంత ఉంది. దాని పక్కన దండతో మనిషంత నేను.

మా వైపు సంవత్సరీకమంటే ఉల్లిపాయ కూడా వంటింట్లోకి రాదు. ఇక్కడ ఒక మూల పెద్ద గిన్నెల్లో మసాలా వేసిన బగారన్నం, యాటకూర. యాటంటే మన వేటమాంసమే. "ఆమెకు ఇష్టమమ్మా, పప్పన్నం పెడితే తిడ్తది," అన్నాడు యాదగిరి. రాజ్యలక్ష్మి గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, కాసేపటికి కొంగు తీసేసి, మసాలాలో దాల్చినచెక్క ఎక్కువైందని వంటవాళ్లకి చెప్పింది. మల్లమ్మ నలుగురు హమాలీలతో, ఒక బత్తాయి సంచితో వచ్చింది.

నన్ను మాట్లాడమన్నారు. పదకొండు పేజీలు తీశాను. గాలికి మొదటి మూడూ పోయాయి, నాలుగో దాన్ని పట్టుకోబోతే మిగిలినవీ పోయాయి. పదో పేజీ ఎటు పోయిందో కూడా చూడలేదు. అది నాకు నోటికి వచ్చు.

"ఆ ఫ్లెక్సీలో ఉన్నది వనజ కాదు, నేను," అన్నాను. "నేను తారను కాదు. ఆ రోజు వనజ పాస్ సరిగ్గానే ఇచ్చింది. ఆలస్యం కాలేదు. నేను కళ్లు మూసుకున్నాను. మా జట్టు నా వల్ల ఓడింది. రాష్ట్ర జట్టులో ఆమెకి చోటు పోయింది నా వల్ల. ఆమె తన మీద వేసుకుంది, నేను వేసుకోనిచ్చాను. ఆమె బతికుండగా వచ్చి చెప్పాల్సింది, రాలేదు. సిగ్గుపడుతున్నాను."

ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది లెక్కలు అయి ఉంటాయి. మొదట రాజ్యలక్ష్మి గారే తేరుకుంది. "నలభై ఏళ్లు దాచారా వదినగారూ! నా వల్లయితే నాలుగు రోజులు కాదు." పిల్లలు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

యాదగిరి చెయ్యెత్తాడు. బ్యాండు వనజ పాట ఎత్తుకుంది. ఎవరి తోవన వాళ్లు బజారుకి పోయి ఇల్లు చేరారు. డోలాయన నా వైపు చూసి, "సుభద్రా!" అని అరిచాడు. అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మల్లమ్మ పిల్లల బంతి తీసి నా వైపు విసిరింది. నేను ఆమె కళ్లు చూశాను. బంతి వచ్చి నా చేతుల్లో పడింది.

"ఇగ ఎయ్యక్కా!"

పట్టుచీరలో, మోకాళ్ల నొప్పులతో, రింగుకి నాలుగడుగుల దూరంలో నిలబడి వేశాను. బంతి సరిగ్గా ఫ్లెక్సీలో నా మూతికే తగిలింది. యాదగిరి పాట మళ్లీ మొదటికి తిప్పాడు. రెండోసారి రింగు అంచుకి తగిలి పక్కకి పోయింది. మూడోసారి బగారన్నం గిన్నెలో పడింది. వంటాయన గరిటెతో తీసి, కడిగి మరీ ఇచ్చాడు. నాలుగోసారి నా చెయ్యి దాటి వెనక్కి పోయింది, అదెలా పోయిందో నాకిప్పటికీ తెలీదు. ట్రంపెట్ ఆయన ముఖం ఎర్రబడింది, ఊపిరి అందడం లేదు. అయినా ఎవరూ ఆపలేదు. నేను తప్పిన ఆ చోటే, పాట తిరిగినప్పుడల్లా మళ్లీ నా దగ్గరికి వస్తూనే ఉంది.

ఐదోసారి రెండు చేతులతో కింద నుంచి బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు ఎత్తి వేశాను. బంతి రింగు మీద ఒకసారి గంతేసి లోపల నుంచి జారి పడింది. వల లేదు కాబట్టి చప్పుడు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి కాబట్టి నేను చూశాను.

తిరుగు బస్సు

ఫ్లెక్సీని ఏం చేయాలని అడిగారు. ఇక్కడ వాటిని మొక్కజొన్న కంకులు అమ్మేవాళ్లు బండి మీద కప్పుకుంటారు. మావైపు వడియాలు ఆరబెడతాం. దండ వేసిన నా ముఖం మీద వడియాలు ఎండుతుంటే మావారు ఏమంటారో అనుకుంటూ చుట్టి తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చాక డాబా మీద పరిచాను. అప్పుడే నా తలపైన ఉన్న నోటిని మొదటిసారి సరిగ్గా చూశాను. అగ్గిపెట్టెంత ఫోటోలో అది ఒక మచ్చ. నలభై ఏళ్లు నేను బంతినే చూశాను గాని దాని పైకి ఎప్పుడూ చూడలేదు. ఫ్లెక్సీలో అది నా రెండు చేతులంత ఉంది. ఫైనల్ ఓడిపోయిన అరగంటకి, రాష్ట్ర జట్టు చేజారిన రోజున, నా చేతిలో బంతి పెట్టి నన్ను ముందు వరసలోకి తోసి, నా వెనక నిలబడి, వనజ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.